యాంటీవైరస్‌లు, క్లీనర్లు నమ్మొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ గడియారం దగ్గరి జిరాక్స్ షాపు కానీ, మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసు కానీ, జడ్చర్లలో డీటీపీ సెంటర్ కానీ, కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఒకటే రకం ప్రశ్నలు. యాంటీవైరస్ కొనాలా, క్లీనర్ (అనవసర ఫైళ్లు తుడిచి స్పీడ్ పెంచుతామనే టూల్) ఎక్కించాలా, తెరమీద ఎర్రగా వచ్చింది నిజమేనా. ప్రతిసారీ ఫోన్‌లో మొదటి నుంచి చెప్పుకుంటూ వచ్చేకంటే ఒకచోట రాసిపెడితే నయం అనిపించింది. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబు సరిపోతుంది కాబట్టి మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా పోవచ్చు. ఇదంతా విండోస్ కంప్యూటర్ల గురించే. ఫోన్ల సంగతి చివర్లో కొంచెం ఉంది.

## ఏదీ కొనకముందు

అసలు వీటిని నమ్మాల్నా, వద్దా? ఒక్క మాటల చెప్పు అన్నా.

యాంటీవైరస్ కావాలి, అది విండోస్‌లోనే ఉంది. క్లీనర్ అక్కర్లేదు.

ఎందుకో కూడా చెప్తాను. యాంటీవైరస్ పనిచేయాలంటే మీ ప్రతి ఫైలునూ తెరిచి చూడాలి, ఏ ప్రోగ్రామ్ నడవాలో ఏది ఆగాలో అదే తేల్చాలి. అంటే కంప్యూటర్ మీద మీకు లేనంత అధికారం దానికి ఇస్తున్నారు. అంత అధికారం ఇచ్చేముందు "ఇది మంచిదేనా" అని అడిగితే చాలదు, "దీన్ని చేసినవాళ్లకు పైసలు ఎట్లా వస్తున్నాయి" అని అడగాలి. ఏడాది చందా తీసుకునేవాళ్లు ఉన్నారు, మీరు చూసే సైట్ల వివరాలు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు, మిమ్మల్ని భయపెట్టి బతికేవాళ్లు ఉన్నారు. పేరు పెద్దదైనంత మాత్రాన మొదటి రకమే అనుకోవద్దు.

విండోస్‌తోటి వచ్చే డిఫెండర్ సరిపోతదా? అది ఉత్తదే అంటరు గదా.

ఒకప్పుడు ఆ మాట నిజమే. 2006లో వచ్చినప్పుడు అది స్పైవేర్‌ను, అంటే చాటుగా మన మీద నిఘా పెట్టే ప్రోగ్రాములను పట్టే చిన్న టూల్ మాత్రమే. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి పూర్తి యాంటీవైరస్ అయింది. జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారిటివ్స్ అనే రెండు పరీక్షా సంస్థలు ఉన్నాయి. వాటి ఫలితాల్లో ఇప్పుడు డిఫెండర్ డబ్బులు పెట్టి కొనేవాటి సరసనే ఉంటున్నది.

దానికీ లోపాలున్నాయి. నెట్ ఉన్నప్పుడు పట్టినంత బాగా నెట్ లేనప్పుడు పట్టదు. పాత కంప్యూటర్లో వందల ఫైళ్లు ఒక్కసారి కాపీ చేస్తుంటే కొంచెం నెమ్మది చేస్తుంది. లోపలి పల్లెల్లో నెట్ వచ్చీపోయే చోట, రోజంతా ఊరివాళ్ల పెన్‌డ్రైవ్‌లు పెట్టే కౌంటర్ అయితే డబ్బులు పెట్టి మంచి యాంటీవైరస్ తీసుకోవడంలో అర్థం ఉంది. ఇంట్లో కంప్యూటర్‌కు డిఫెండర్ చాలు.

ల్యాప్‌టాప్ కొంటే షాపాయన యాంటీవైరస్ కూడా కలిపి బిల్లేసిండు. వద్దనొచ్చా?

నిక్షేపంగా వద్దనొచ్చు. అది లేకపోతే వారంటీ పోతుందని ఎవరైనా అంటే ఆ మాట బిల్లు మీద రాసిమ్మనండి.

ఫ్రీ యాంటీవైరస్ ఉండంగ పైసలెందుకు పెట్టాలె?

ఫ్రీగా ఇచ్చేవాళ్లు జీతాలు ఎట్లా ఇస్తున్నారో చూడాలి. అవాస్ట్ సంగతి తెలుసుకుంటే చాలు. మన ఇంటర్నెట్ సెంటర్లలో ఒకప్పుడు దాదాపు ప్రతి కంప్యూటర్లో కనిపించిన నారింజ బొమ్మ అదే. దాన్ని వాడేవాళ్లు ఏయే సైట్లు చూస్తున్నారో ఆ వివరాలను జంప్‌షాట్ అనే తన అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముకుంటున్నదని 2020 జనవరిలో పత్రికలు బయటపెట్టాయి. ఆ నెలాఖరుకే జంప్‌షాట్‌ను మూసేశారు. 2024 ఫిబ్రవరిలో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ ఈ వ్యవహారంలో 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టమన్నది. మనల్ని ఎవరో గమనించకుండా కాపాడతానని ఎక్కించుకున్నదే మనల్ని గమనించింది.

పేర్లు వేరైనా యజమాని ఒక్కరే అయ్యే సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా, సీసీక్లీనర్ అన్నీ ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. ఒకటి నచ్చక ఇంకొకదానికి మారితే అదే ఇంటికి ఇంకో తలుపులోంచి పోయినట్టు.

విదేశీ కంపెనీలకంటే మన దేశందే మంచిదా?

దేశాన్ని బట్టి నాణ్యత రాదు. క్విక్ హీల్ పుణెది, కే7 చెన్నైది. రెండూ 1990ల నుంచి ఉన్నవే, పెన్‌డ్రైవ్‌లలో తిరిగే మన దగ్గరి వైరస్‌లు వాటికి బాగా అలవాటు. ఏ దేశం కంపెనీ అనేది ఇంకో రకంగా ముఖ్యం అవుతుంది. రష్యా కంపెనీ కాస్పర్‌స్కీని అమెరికా 2024 జూన్‌లో నిషేధించింది. ఆ ఏడాది సెప్టెంబర్ 29 తర్వాత అక్కడ అప్‌డేట్లు ఇవ్వొద్దన్నది. అక్కడ చాలామంది కంప్యూటర్లలో కాస్పర్‌స్కీ తనంతట తాను పోయి, అల్ట్రాఏవీ అనే వేరే యాంటీవైరస్ వచ్చి కూర్చుంది. ఆ నిషేధం మన దగ్గర కాదు. కానీ యాంటీవైరస్‌కు ఎంత అధికారం ఇస్తామో ఆ ఒక్క సంఘటనలో కనిపిస్తుంది.

మన ప్రభుత్వానికి కూడా సైబర్ స్వచ్ఛతా కేంద్ర అని ఒక ఏర్పాటు ఉంది, 2017 నుంచి నడుస్తున్నది. వైరస్ తీసే టూల్స్ ఉచితంగా ఇస్తారు. ఇది చాలామందికి తెలియదు, తెలియాల్సిన సంగతి.

నాది ఇంకా విండోస్ 7. మంచి యాంటీవైరస్ వేస్తే నడుస్తదా?

నడుస్తుంది, కానీ భద్రంగా కాదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మరమ్మతులు 2020 జనవరి 14న ఆగిపోయాయి. క్రోమ్ బ్రౌజర్ కూడా దానికి 109వ వెర్షన్‌తోనే ఆగింది. విండోస్‌లో ఉన్న రంధ్రాన్ని యాంటీవైరస్ పూడ్చలేదు, దాంట్లోంచి దూరినవాణ్ణి పట్టుకోవడానికి మాత్రమే ప్రయత్నిస్తుంది. పేజ్‌మేకర్ కోసం, పాత ప్రింటర్ కోసం విండోస్ 7 వదలలేని డీటీపీ షాపులు చాలా ఉన్నాయి. ఆ కంప్యూటర్‌కు నెట్ వైరు పీకేసి టైపింగ్‌కు మాత్రం వాడుకోండి, బ్యాంకు పనులు ఇంకొకదాంట్లో చేయండి.

విండోస్ 10కు కూడా మామూలు మరమ్మతులు 2025 అక్టోబర్ 14తో అయిపోయాయి. ఇంటి కంప్యూటర్లకు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా మరమ్మతులు వస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే ఆ నమోదు అక్కడే అడుగుతుంది.

## ఎక్కించేటప్పుడు

గూగుల్‌ల కొడితే మొదట వచ్చిన దాన్ని దించుకుంట. తప్పా?

తప్పే. మొదట వచ్చేది చాలాసార్లు డబ్బులు కట్టి పైకి తెచ్చుకున్న ప్రకటన. పేరున్న టూల్స్‌కు అచ్చం అట్లాగే ఉండే దొంగ సైట్లు కట్టి, ప్రకటన ఇచ్చి వైరస్‌లు పంచినవాళ్లు ఉన్నారు. చిన్న అక్షరాల్లో "స్పాన్సర్డ్" అని ఉంటే దాటి కిందికి పోండి. తయారుచేసిన కంపెనీ సొంత సైటు పేరు తెలిస్తే మీరే టైపు చేయండి. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకేచోట దొరికే సైట్లలో ఆకుపచ్చగా పెద్దగా కనబడే డౌన్‌లోడ్ బటన్లు చాలామటుకు మీరు కోరినదానివి కావు.

దించిన ఫైలు అసలుదో నకిలీదో ఎట్ల తెలుస్తది?

రెండు పనులు చేయండి. ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ చూడండి. కంపెనీ పేరు అక్కడ ఉండాలి. ట్యాబే లేకపోతే అనుమానించండి. తర్వాత వైరస్‌టోటల్ అనే సైటుకు ఆ ఫైలు పంపండి. 2012 నుంచి అది గూగుల్‌ది. 70 దాకా యాంటీవైరస్ ఇంజన్లు ఒకేసారి చూసి తీర్పు చెప్తాయి. ఊరూపేరూ లేని ఒకటో రెండో ఎర్రజెండా ఎత్తితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, పది ఎత్తితే ఫైలు పారేయండి.

ఒక జాగ్రత్త. వైరస్‌టోటల్‌కు పంపిన ఫైళ్లు భద్రతా కంపెనీల చేతికి పోతాయి. అందులో ఆధార్ పీడీఎఫ్, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్ లాంటివి వేయొద్దు.

"ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని రాసున్నది. చేయాల్నా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంటదంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

విండోస్ యాక్టివేట్ చేసే దొంగ టూల్, ఫోటోషాప్ క్రాక్ (డబ్బులు కట్టకుండా నడిపించే దొంగ ఫైలు), ఫాంట్ల క్రాక్, ఇవన్నీ మన పట్టణాల్లో పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారుతుంటాయి. వాటితోపాటు ఒక టెక్స్ట్ ఫైలు ఉంటుంది: డిఫెండర్ ఆపండి, ఇది ఎక్కించండి, వైరస్ అని చూపిస్తే భయపడొద్దు, అది తప్పుడు హెచ్చరిక. ఆ మాట కొన్నిసార్లు నిజమే. క్రాక్ చేసే పద్ధతే వైరస్ పద్ధతిని పోలి ఉంటుంది కాబట్టి యాంటీవైరస్ అరుస్తుంది. మరి ఏ క్రాక్‌లో ఉత్త క్రాకే ఉందో, దేంట్లో దొంగ కూడా ఉన్నాడో చెప్పగలిగింది ఆ యాంటీవైరస్ ఒక్కటే. దాన్నే ముందు ఆపేయమంటున్నారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే స్టాప్ అనే వైరస్ కుటుంబం ప్రపంచమంతా ఎక్కువగా పాకింది ఈ క్రాక్‌ల దారిలోనే. పెళ్లి కార్డుల డిజైన్లు, ఏళ్లనాటి ఆల్బమ్ ఫోటోలు మొత్తం పోగొట్టుకున్న షాపులను నేను చూశాను. మొదలు ఎక్కడంటే ఎప్పుడూ ఇదే చోటు.

అసలుది కొనే స్తోమత లేకపోతే ఉచితంగా, చట్టబద్ధంగా దొరికేవి ఉన్నాయి. లిబ్రేఆఫీస్, గింప్, ఇంక్‌స్కేప్ అట్లాంటివే. అలవాటు కావడానికి కొంత టైం పడుతుంది.

రెండు యాంటీవైరస్‌లు వేస్తే డబుల్ రక్షణ గదా?

కాదు. ఒకే ఫైలు కోసం రెండూ గుంజుకుంటాయి, కంప్యూటర్ బిగుసుకుపోతుంది. వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ తనంతట తాను తప్పుకునేది అందుకే. రెండో అభిప్రాయం కావాలంటే మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ గానీ మాల్‌వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్ గానీ తెచ్చి ఒక్కసారి స్కాన్ చేయించి వదిలేయండి. సేఫ్టీ స్కానర్ దించిన 10 రోజులకు పనిచేయడం మానేస్తుంది, మళ్లీ కావాలంటే మళ్లీ కొత్తది దించుకోవాలి.

ఒకటి ఎక్కిస్తే ఇంకో మూడు వచ్చినయి. ఎట్లొచ్చినయి?

నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోవడం వల్ల. మధ్యలో ముందే టిక్ పెట్టిన చిన్న గడి ఉంటుంది, అది వేరే కంపెనీ సరుకు. కస్టమ్ అనో అడ్వాన్స్‌డ్ అనో కనిపిస్తే అదే ఎంచుకుని టిక్కులు తీసేయండి. వచ్చినవాటిని సెట్టింగ్స్‌లోని యాప్స్ లిస్టును ఇన్‌స్టాల్ తేదీ వరుసలో పెట్టి చూస్తే ఒకేరోజు దిగిన బృందం మొత్తం పక్కపక్కనే దొరుకుతుంది.

## క్లీనర్ల సంగతి

సీసీక్లీనర్ అందరు వాడుతరు. దాంట్ల ఏం తప్పున్నది?

2004 నుంచి ఉన్న టూల్, చాలాకాలం మంచిపేరే ఉండేది. 2017 జూలైలో దాన్ని చేసిన పిరిఫార్మ్ కంపెనీని అవాస్ట్ కొన్నది. ఆగస్టు 15న వచ్చిన 5.33 వెర్షన్‌లో దొంగలు తమ కోడ్ కలిపేశారు. ఎక్కడో నకిలీ సైటులో కాదు, కంపెనీ సొంత సైటులో, కంపెనీ సొంత డిజిటల్ సంతకంతోనే అది పంపిణీ అయింది. దాదాపు నెల తర్వాత బయటపడేసరికి 22.7 లక్షల కంప్యూటర్లలో ఆ వెర్షన్ ఉంది. దొంగల గురి అసలు పెద్ద టెక్నాలజీ కంపెనీల మీద. రెండో దశ వైరస్ ఎక్కింది 40 కంప్యూటర్లకు మాత్రమే. అంటే మిగిలినవాళ్లు అదృష్టం కొద్దీ బయటపడ్డారు.

2018లో వచ్చిన 5.45 వెర్షన్‌లో వాడుక వివరాలు పంపే భాగాన్ని ఆపుకోనివ్వకుండా చేసి, జనం గోల చేస్తే వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు వైరస్ లేదు. నా మాట మాత్రం మారదు: విండోస్ తానే చేసుకునే పని కోసం ఇంకొకరికి ఇంటి తాళాలు ఇవ్వాల్సిన అవసరం లేదు. వాడే తీరుతానంటే బ్లీచ్‌బిట్ అనేది ఉంది, ఉచితం, దాని కోడ్ అందరూ చూడొచ్చు.

స్కాన్ చేస్తే వెయ్యికి పైగ ఎర్రర్లున్నయి, పైసలు కడితే బాగుచేస్తమంటున్నది.

కట్టొద్దు. ఇదొక పాత వ్యాపారం. సంఖ్య పెద్దగా కనబడాలని వెబ్‌సైట్లు వదిలే కుకీలను, విండోస్ సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో మిగిలిపోయిన ఖాళీ పద్దులను కూడా ఒక్కోదాన్ని ఒక్కో ఎర్రర్‌గా లెక్కేస్తారు.

అమెరికాలో ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థలో కంప్యూటర్‌కు ఉచిత చెకప్ చేసేవాళ్లు. మొదట నాలుగు ప్రశ్నలు అడుగుతారు: స్లోగా ఉందా, వైరస్ హెచ్చరికలు వస్తున్నాయా, పాప్అప్‌లు వస్తున్నాయా, మాటిమాటికీ ఆగిపోతున్నదా. వాటిలో ఒక్కదానికి టిక్ పెట్టినా, స్కాన్‌లో ఏమీ దొరకకున్నా, వైరస్ లక్షణాలు ఉన్నాయని రిపోర్టు వచ్చేది. 2019లో ఎఫ్‌టీసీ కేసులో ఆఫీస్ డిపో 2.5 కోట్ల డాలర్లు, ఆ ప్రోగ్రామ్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ 1 కోటి డాలర్లు కట్టాయి. రెస్టోరో, రీఇమేజ్ అనే రిపేర్ టూల్స్‌ది కూడా ఇదే దారి. 2024లో 2.6 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి.

పరీక్షించాలనుంటే కొత్తగా విండోస్ ఎక్కించిన కంప్యూటర్ మీద అదే టూల్ నడిపి చూడండి. దాంట్లో కూడా వందల ఎర్రర్లు చూపిస్తే సంగతి మీకే తెలిసిపోతుంది.

రిజిస్ట్రీ క్లీన్ చేస్తే స్పీడ్ అయితదా?

కాదు. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు, లక్షల పద్దులు ఉంటాయి. వాటిలో కొన్ని వందలు తీసేస్తే మిగిలేది కొన్ని కేబీల జాగా. వేగంలో తేడా మీకు తెలియదు. పొరపాటున అవసరమైన పద్దు పోతే మాత్రం వెంటనే తెలుస్తుంది: ప్రింటర్ పలకదు, డిజిటల్ సంతకం టోకెన్ కనిపించదు, వేలిముద్ర మిషన్ ఆగుతుంది. మీసేవ కౌంటర్ కంప్యూటర్‌లో ఈ పని చేసి పొద్దున్నే లైనులో జనాన్ని పెట్టుకోవద్దు. రిజిస్ట్రీ క్లీనర్లను తాము సమర్థించమని మైక్రోసాఫ్టే చెప్పింది.

ర్యామ్ బూస్టర్?

వద్దు. నడుస్తున్న ప్రోగ్రాముల సమాచారాన్ని ర్యామ్‌లోంచి డిస్కుకు తోసేసి, "ఇంత ఖాళీ చేశాం" అంటుంది. మీరు ఆ ప్రోగ్రామ్ మళ్లీ తెరవగానే అదంతా డిస్కు నుంచి తిరిగి రావాలి. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల లాభం ఏమీ లేదు.

మరి నా కంప్యూటర్ గింత స్లో ఎందుకైంది? వైరస్ కాకపోతే ఇంకేంది?

నేను చూసినవాటిలో ఎక్కువశాతం మూడు కారణాలే.

మొదటిది పాత తిరిగే హార్డ్ డిస్క్. విండోస్ 10, 11 వెనకాల ఎప్పుడూ ఏదో ఒకటి చదువుతూ రాస్తూనే ఉంటాయి, తిరిగే డిస్కు వాటితో వేగలేదు. టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ గడి చూడండి. మీరేమీ చేయకుండానే 100 శాతం దగ్గర నిలబడి ఉంటే విషయం అదే. దాని బదులు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేయించండి. వేగం ఎంత మారుతుందో చూస్తే ఇన్నాళ్లు క్లీనర్ల వెంట ఎందుకు తిరిగామా అనుకుంటారు. 8 జీబీ కంటే తక్కువ ర్యామ్ ఉంటే అదీ పెంచుకోండి.

రెండోది దుమ్ము, వేడి. మిర్యాలగూడ మిల్లుల్లో ఊక దుమ్ము, మఠంపల్లి, హుజూర్‌నగర్ దిక్కు సిమెంటు దుమ్ము, ఎండాకాలం రేకుల షెడ్డులో సీపీయూ. ఫ్యాన్ మూసుకుపోతే ప్రాసెసర్ కాలిపోకుండా ఉండటానికి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం స్లో అయ్యే కంప్యూటర్‌కు చాలాసార్లు ఇదే రోగం. మూత తీసి బ్లోయర్ కొట్టించి, ప్రాసెసర్ మీది పేస్ట్ మార్పించండి. ఏ సాఫ్ట్‌వేరూ దుమ్ము ఊడ్చలేదు.

మూడోది స్టార్టప్. ఆన్ చేయగానే లేచి కూర్చునే ప్రోగ్రాములు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌కు పోయి రోజూ వాడనివి డిజేబుల్ చేయండి. అందులో ఎక్కువగా కనిపించేవి ఏమిటంటే, గతంలో స్పీడ్ కోసమని ఎక్కించిన క్లీనర్లే.

సి డ్రైవ్ ఎర్రగైంది. క్లీనర్ లేకుండ ఎట్ల ఖాళీ చేయాలె?

సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్. అక్కడ టెంపరరీ ఫైల్స్ అనే చోట విండోస్ అప్‌డేట్ మిగుళ్లు, టెంప్ ఫైళ్లు, రీసైకిల్ బిన్ అన్నీ లెక్కతో సహా కనిపిస్తాయి. టిక్ పెట్టి తీసేయడమే. ఒక్కటి చూసుకోండి: ఆ లిస్టులో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది. ఇంటర్నెట్ సెంటర్లలో కస్టమర్ల హాల్‌టికెట్లు, సర్టిఫికెట్లు అన్నీ ఉండేది అక్కడే. ఆ టిక్ ముందు తీసేయండి.

ఇంకా నిండే ఉంటే ఏ ఫోల్డర్ ఎంత తిన్నదో చూపించే విన్‌డిర్‌స్టాట్ అనే ఉచిత టూల్ ఉంది. అది ఏదీ తనంతట తాను తుడిచేయదు, బొమ్మ గీసి చూపిస్తుంది, అందుకే నాకు నచ్చుతుంది. పెళ్లి వీడియోల కాపీలు రెండేసి మూడేసి దొరుకుతాయి.

## తెరమీద భయం కనిపించినప్పుడు

ఎర్ర తెర వచ్చి మోగుతున్నది, మైక్రోసాఫ్ట్ నంబర్‌కు ఫోన్ చేయమంటున్నది.

చేయొద్దు. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ సందేశాల్లో ఎప్పుడూ ఫోన్ నంబర్ ఇవ్వదు. మీరు చూస్తున్నది తెరనిండా పరుచుకున్న ఒక వెబ్ పేజీ, అంతే. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. పోకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్‌లోంచి బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవాలా అంటే వద్దనండి.

ఫోన్ చేసిన. ఎనీడెస్క్ కూడా ఇచ్చిన. ఇప్పుడేం చేయాలె?

ఎనీడెస్క్ అంటే దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపించే టూల్, కాబట్టి ముందు నెట్ తీసేయండి, వైఫై ఆపండి లేదా వైరు పీకండి. డబ్బులు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు దొంగ ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకు కూడా చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లోంచో వేరే కంప్యూటర్‌లోంచో మార్చండి, ఈ కంప్యూటర్‌లోంచి కాదు. తర్వాత ఎనీడెస్క్, వాళ్లు ఎక్కించిన ఇంకేవైనా తీసేయండి. వాళ్లు ఎక్కువసేపు లోపల ఉంటే ఫైళ్లు కాపీ తీసుకుని విండోస్ మళ్లీ ఎక్కించడమే మంచిది.

ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తన లోపల జరిగినవి రాసుకునే చిట్టా) తెరిపించి ఎర్రటి ఎర్రర్లు చూపించారా? అవి ప్రతి కంప్యూటర్‌లో ఉంటాయి, బాగున్నదాంట్లో కూడా.

కింద మూలకు "5 వైరస్‌లు దొరికినయి" అని మాటిమాటికి వస్తున్నది.

ఏదో సైటులో అలౌ నొక్కారు, అది పంపే నోటిఫికేషన్ ఇది. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కు పోయి గుర్తుపట్టని పేర్లన్నీ తీసేయండి. చాలామటుకు అంతటితో ఆగుతుంది.

పెన్‌డ్రైవ్‌ల ఫైళ్లు పోయినయి, అన్నీ షార్ట్‌కట్లే కనిపిస్తున్నయి.

మీ ఫైళ్లు పోలేదు, వైరస్ వాటిని దాచేసింది. ఆ షార్ట్‌కట్ నొక్కితేనే వైరస్ కంప్యూటర్‌కు ఎక్కుతుంది, కాబట్టి నొక్కొద్దు. ఫార్మాట్ కూడా కొట్టొద్దు. ముందు డిఫెండర్‌తో ఆ డ్రైవ్‌ను స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, దాని కిందే ఉన్న "రక్షిత సిస్టమ్ ఫైళ్లు దాచు" అనే టిక్ కూడా తీసేయండి. చాలామంది ఈ రెండో టిక్ మరిచి ఫైళ్లు పోయాయనుకుంటారు. అసలు ఫైళ్లు కొన్నిసార్లు పేరు లేని ఫోల్డర్‌లో ఉంటాయి. వాటిని కంప్యూటర్‌లోకి తెచ్చుకున్నాకే పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి.

ఫైళ్ల పేర్లు మారినయి, తెరుస్తలేవు, డాలర్లు అడుగుతున్నది.

నెట్ వైరు పీకండి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు తీసేయండి. తాళం పడ్డ ఫైళ్లను చెరపొద్దు. నో మోర్ రాన్సమ్ అనే సైటు ఉంది, యూరప్ పోలీసులు, భద్రతా కంపెనీలు కలిసి 2016లో పెట్టారు. తాళం పడ్డ ఫైలు ఒకటి, దొంగల చీటీ ఒకటి ఇస్తే అది ఏ రకమో, విప్పే టూల్ ఉందో లేదో చెప్తుంది. ఉంటే ఉచితం. లేకపోతే డిస్కు పక్కన పెట్టి కొన్నాళ్లు ఆగండి, కొన్నిటికి తాళంచెవులు తర్వాత దొరికాయి. "గ్యారంటీగా విప్పుతాం" అని ముందే డబ్బులడిగే మధ్యవర్తులను నమ్మొద్దు. ఇక మీద ముఖ్యమైన ఫైళ్ల కాపీ ఒకటి, పని అయ్యాక వైరు తీసి బీరువాలో పెట్టే డిస్కులో ఉంచుకోండి. తగిలించి ఉన్న డిస్కుకు కూడా తాళం పడుతుంది.

యాంటీవైరస్సే మంచి ఫైలు తీసేసింది. ఇంక దాన్ని ఏం నమ్మాలె?

నిజాయితీగా పనిచేసేవి కూడా తప్పులు చేస్తాయి. 2010 ఏప్రిల్‌లో మెకఫీ అనే యాంటీవైరస్ ఒక అప్‌డేట్‌తో విండోస్ ఎక్స్‌పీలోని అసలు సిస్టమ్ ఫైలునే వైరస్ అనుకుని తీసేసింది, కంప్యూటర్లు లేవలేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్‌కు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి, విమానాలు నిలిచిపోయాయి.

మీ ఫైలు సంగతికొస్తే, విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరవండి. క్వారంటైన్‌లో, అంటే చెరపకుండా విడిగా బంధించి ఉంటే రిస్టోర్ చేయొచ్చు. చేసేముందు అది ఎక్కడి నుంచి వచ్చిన ఫైలో ఆలోచించండి. మీరే టైపు చేసిన డాక్యుమెంట్ అయితే సరే, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన సెటప్ అయితే అక్కడే ఉండనివ్వండి.

## ఫోన్ల సంగతి

ఫోన్‌ల క్లీనర్ వేసుకోవాల్నా?

వద్దు. 2014లో వైరస్ షీల్డ్ అనే ఆండ్రాయిడ్ యాప్ ప్లే స్టోర్‌లో 3.99 డాలర్లకు పదివేలకు పైగా అమ్ముడుపోయింది. అది చేసిన పనల్లా తెరమీది గుర్తును మార్చడం. నొక్కితే కాపాడుతున్నట్టు బొమ్మ, అంతకుమించి లోపల ఏమీ లేదు. గూగుల్ కొన్నవాళ్లకు డబ్బులు తిరిగిచ్చింది. మన దగ్గర ఒకప్పుడు ఊరూరా ఫోన్లలో కనిపించిన క్లీన్ మాస్టర్, డీయూ క్లీనర్‌లను 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో చేర్చింది. జాగా నిండితే ఫైల్స్ బై గూగుల్ చాలు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిస్తే గుడ్ మార్నింగ్ వీడియోలు ఎన్ని జీబీలు తిన్నాయో కనిపిస్తుంది.

వాట్సాప్‌ల పీఎం కిసాన్ యాప్ అని ఏపీకే వచ్చింది. యాంటీవైరస్ ఉన్నది గదా, వేసుకోవచ్చా?

వేసుకోవద్దు. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలాన్ పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఎక్కించేవి) మీ ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు లాక్కుంటాయి. మీకు తెలిసినవాళ్ల నంబర్ నుంచే వచ్చినా అంతే, వాళ్ల ఫోన్ ముందే దొంగ చేతిలో పడి ఉండొచ్చు. ఈ ఫైళ్లు తరచూ మారుతుంటాయి కాబట్టి యాంటీవైరస్‌కు కొత్తది తెలియకపోవచ్చు. అప్పటికే వేసుకుని ఉంటే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఇంకొకరి ఫోన్‌లోంచి బ్యాంకుకు, 1930కి చెప్పండి. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకోండి. ఫోటోలు కాపీ తీసుకున్నాక ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. యాప్ ఒక్కటి తీసేస్తే సరిపోదు, తీసేసినట్టు నటించి ఐకాన్ దాచుకునేవి ఉన్నాయి.